పిల్లల ఖాతాలకు కంపెనీలనే జవాబుదారీ చేయాలి

సంపాదకులకు,

ఆర్యా,

పదహారేళ్లు నిండని పిల్లలకు సామాజిక మాధ్యమాల్లో ఖాతాలు ఉండరాదంటూ ఆస్ట్రేలియా చేసిన చట్టం 2025 డిసెంబరు 10న అమలులోకి వచ్చింది. అలాంటి నిబంధన మనకూ కావాలా అన్న చర్చ మన రాష్ట్రంలోనూ సాగుతోంది. తిరుపతి శివారు ఉన్నత పాఠశాలలో ఎనిమిది, తొమ్మిది తరగతులకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయినిగా, కావాలనే నా అభిప్రాయం. అయితే ఆ నిబంధన భారాన్ని ఎవరి మీద మోపుతారన్నదే అసలు ప్రశ్న.

మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపువారి సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి, అది నిజంగా వారిదేనని కంపెనీ నిర్ధారించుకోవాలి. వినడానికి బాగానే ఉంది. కానీ తండ్రి కొండకు జీపు నడుపుతూ, తల్లి పూలు కట్టి అమ్ముతూ బతికే ఇళ్లలో ఫోను వాడకం బాగా తెలిసింది తొమ్మిదో తరగతి చదివే కొడుక్కే. రాష్ట్ర ప్రభుత్వ సేవలందించే ‘మన మిత్ర’ వాట్సాప్‌లో కరెంటు బిల్లు కట్టేదీ, గ్యాసు బుక్ చేసేదీ, అమ్మ నంబరుకు వచ్చిన ఓటీపీ చూసి కొట్టేదీ వాడే. ఈ మధ్య ఒక తల్లి తన ఫోను నా చేతికిచ్చి, ఇదేమిటో చూడమ్మా అంది. ఆమె పేరుతో, ఆమె ఫొటోతో ఒక ఖాతా ఉంది. అందులో ఉన్నవన్నీ కొడుకు చేసిన రీల్స్, వాటి కింద ముక్కూ మొహం తెలియనివాళ్లు రాసిన వెకిలి మాటలు. అలాంటి ఖాతా ఉన్నట్టే ఆమెకు అంతవరకు తెలియదు. రేపు ఆ తల్లి సమ్మతించిందని రికార్డు చూపించి ఏ కంపెనీ అయినా చేతులు దులుపుకోగలదు.

పిల్లలు వయసు దాస్తారు, నిషేధం నిలవదు అనేవారున్నారు. దాస్తారు, నిజమే. అందుకే ఆస్ట్రేలియా చట్టం పిల్లలనుగానీ తల్లిదండ్రులనుగానీ శిక్షించదు. తగిన చర్యలు తీసుకోని కంపెనీకి మాత్రం 4.95 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల వరకు జరిమానా విధిస్తుంది. వయసు రుజువుకు ప్రభుత్వ గుర్తింపు కార్డు ఒక్కటే మార్గం కారాదని కూడా అందులో ఉంది. ప్రతి యాప్‌కూ పిల్లల ఆధార్ అప్పగించవలసి వస్తే ఒక బెడద పోయి మరొకటి వచ్చినట్టే కనుక, ఈ జాగ్రత్త మనకు ఇంకా అవసరం. వాట్సాప్ వంటి సందేశ సేవలను అక్కడ మినహాయించారు. హోంవర్కు కూడా వాట్సాప్‌లోనే వచ్చే మన బడులకు ఆ మినహాయింపు తప్పనిసరి.

పల్లె పిల్లల ప్రతిభ లోకానికి తెలిసేది ఈ వేదికల వల్లనేనన్న వాదనను నేను కొట్టిపారేయను. కోలాటం చక్కగా ఆడే పిల్ల వీడియోను బడి ఖాతాలోనో, పెద్దల ఖాతాలోనో పెట్టవచ్చు. ఎన్ని లైకులు వచ్చాయో చూసుకోవడానికి ఆ పిల్ల అర్ధరాత్రి దాకా మేలుకోనక్కరలేదు.

మన డేటా చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. పిల్లల సమ్మతికి సంబంధించినవి అమలు కావడానికి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు. ఆ గడువు ముగిసేలోగా పదహారేళ్ల వయోపరిమితిని, దాన్ని పాటించని కంపెనీలకు భారీ జరిమానాను చట్టంలో చేర్చాలని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని గట్టిగా కోరాలి. తిరుపతి, చిత్తూరు పార్లమెంటు సభ్యులు ఈ విషయాన్ని సభలో లేవనెత్తాలని మనవి.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయిని,
తిరుపతి