ఈ ఏడాది ఇంగ్లండ్‌లో మన తెలుగు సంఘం కబుర్లు, కెడిల్‌స్టన్ హాల్ ట్రిప్‌తో సహా

సభ్యులందరికీ నమస్కారమండి. రిపోర్ట్ రెండు వారాలు లేటైంది, తప్పు నాదే, ఆఫీసు పనిలో పడిపోయి రేపు రాద్దాం ఎల్లుండి రాద్దాం అనుకుంటూ ఇక్కడిదాకా వచ్చింది.

ముందు రొటీన్ విషయాలు. ఉగాది ఎప్పట్లాగే కమ్యూనిటీ హాల్లో చేశాం, పంచాంగ శ్రవణం అయ్యేసరికి పచ్చడి ఖాళీ, కాబట్టి వచ్చే ఏడు ఇండియా నుంచి వచ్చేవాళ్ళు ఎవరైనా ఎండిన వేపపువ్వు ఇంకో రెండు ప్యాకెట్లు పట్టుకురండి. బతుకమ్మకి ఇక్కడ తంగేడు ఎలాగూ దొరకదు, చామంతులు, డాలియాలతో పేర్చారు, బాగానే వచ్చింది. శనివారం తెలుగు క్లాసు నడుస్తోంది. వీటి ఫొటోలన్నీ గ్రూపులో చూసేశారు, మళ్ళీ చెప్పను.

కొత్తగా చేసింది డెర్బీ ఊరి పక్కన కెడిల్‌స్టన్ హాల్ అనే పాత దొరల బంగ్లాకి ట్రిప్. కమిటీ మీటింగ్‌లోనే "సంఘం డబ్బులతో తెల్లదొర బంగ్లా చూడ్డమెందుకు, చెస్టర్ జూకి పోదాం" అన్నవాళ్ళున్నారు. ఆ మాట నాకు గుర్తుంది. అందుకే దీని గురించే కాస్త ఎక్కువ రాస్తున్నా, రానివాళ్ళకి కూడా ఏం చూశామో తెలియాలి కదా. కోచ్ ముప్పావుగంట లేటు, డ్రైవర్ గారు పార్క్ గేటు దాటి ఇంకో ఊరు దాకా పోయి వెనక్కి తిప్పుకొచ్చాడు, పులిహోర సగం దారిలోనే అయిపోయింది. సరే అదంతా పక్కన పెడదాం.

ఆ బంగ్లా కట్టించిన కర్జన్ కుటుంబం 12వ శతాబ్దం నుంచీ ఆ నేల మీదే ఉంది. 1758లో ఆస్తి చేతికొచ్చిన నథానియల్ కర్జన్ గారు, కట్టి పట్టుమని 60 ఏళ్ళు కూడా కాని పాత ఇటుక ఇంటిని పడగొట్టించి, 1759లో కొత్తది మొదలుపెట్టాడు. కారణం సింపుల్, అదే జిల్లాలో డెవన్‌షైర్ డ్యూక్ గారి చాట్స్‌వర్త్ బంగ్లా ఉంది, రాజకీయాల్లో వాళ్ళు ఒక పార్టీ వీళ్ళు ఇంకో పార్టీ, వాళ్ళింటికి మనిల్లు తీసిపోకూడదు. మన ఊళ్ళల్లో ఎదురింటాయన రెండో అంతస్తు వేస్తే మనం మూడోది వేస్తాం చూడండి, అదే రోగం. మొదట మాథ్యూ బ్రెటింగ్‌హామ్, తర్వాత జేమ్స్ పెయిన్ ప్లాన్లు గీశారు, ఈలోగా ఇటలీ తిరిగొచ్చిన రాబర్ట్ ఆడమ్ అనే స్కాట్లాండ్ కుర్రాడికి తోటలో చిన్నచిన్న కట్టడాల పని ఇస్తే, అతను మెల్లగా మొత్తం ఇల్లే తన చేతిలోకి తీసుకున్నాడు.

ఉత్తరం వైపు ముఖద్వారం ఆరు స్తంభాలతో గుడి ముందు నిలబడ్డట్టుంటుంది. హైదరాబాద్ వాళ్ళు దిగగానే "అరె, మన కోఠీ విమెన్స్ కాలేజీ లెక్కనే ఉంది" అన్నారు, నిజమే, ఆ కాలేజీ పాత భవనం, అంటే బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌ప్యాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ, కూడా ఈ ఫ్యాషన్‌దే, ఇంగ్లండ్‌లో పెద్దింటి వాళ్ళు ఇటలీ ఆర్కిటెక్ట్ పల్లాడియోని చూసి నేర్చుకున్న స్తంభాల పిచ్చి సముద్రం దాటి మూసీ ఒడ్డుకి కూడా చేరింది. దక్షిణం వైపు పోతే అసలు ఇది వేరే ఇల్లేమో అనిపిస్తుంది, రోములో కాన్‌స్టంటైన్ చక్రవర్తి విజయ తోరణాన్ని తెచ్చి గోడకి అతికించినట్టు చేశాడు ఆడమ్.

లోపలికి వెళ్తే మార్బుల్ హాల్. పేరు మార్బులే కానీ స్తంభాలు అలబాస్టర్, అంటే పాలరాయిలా కనిపించే మెత్తటి రాయి, పక్క జిల్లా నాటింగ్‌హామ్‌షైర్‌లో తవ్వింది. ఇరవై స్తంభాలు, ఒక్కోటీ సుమారు 25 అడుగులు, గోడలకి కిటికీల్లేవు, వెలుతురంతా పైకప్పులోంచే పడుతుంది. దగ్గరికెళ్ళి చూస్తే ఆ రాయిలో గులాబీ, గోధుమ రంగు చారలు మాంసం ముక్కలో కొవ్వులా మెలికలు తిరిగి ఉంటాయి (శాకాహారులు క్షమించాలి, నాకు వేరే పోలిక దొరకలేదు). నిలువు గాడులు మొదట లేవట, నున్నగా నిలబెట్టిన స్తంభాలకి కొన్నేళ్ళ తర్వాత ఉన్నచోటే ఉలితో చెక్కించారు. కప్పు మోస్తున్న స్తంభం మీద ఉలి పెట్టిన ఆ పనివాడి గుండె ధైర్యానికి దణ్ణం పెట్టాలి. దాని వెనక సెలూన్, అంటే మంగలి షాపు కాదు, గుండ్రటి పెద్ద గది, పైన 62 అడుగుల ఎత్తున డోమ్, రోములో పాంథియాన్ అనే పాత గుడికి నకలు. చలి కాచుకునే ఇనప స్టవ్‌లు కూడా రోమన్ బలిపీఠాల వేషంలో ఉన్నాయి.

నాకు అన్నిటికన్నా వింతగా తోచిందేంటంటే, ఇంత కట్టి ఆ నడిమి బిల్డింగ్‌లో కాపురం చెయ్యలేదు. కుటుంబం ఉండేది పక్కనున్న ఒక చిన్న భవనంలో, వంటిల్లు ఇంకో పక్క భవనంలో, మధ్యలో వంకర కారిడార్లు. నడిమిది జనానికి చూపించుకోడానికే. అప్పట్లోనే టూరిస్టులొచ్చేవాళ్ళు, మిసెస్ గార్నెట్ అనే హౌస్‌కీపర్ చేతిలో పుస్తకం పట్టుకుని తిప్పి చూపించేది, అలాగే నిలబడ్డ ఆవిడ బొమ్మ ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంది. ఇంగ్లీష్ డిక్షనరీ రాసిన డాక్టర్ జాన్సన్ 1777లో వచ్చి చూసి, టౌన్ హాల్‌కైతే బాగుంటుంది, స్తంభాల హాల్లో జడ్జీలు, గుండ్రటి గదిలో జ్యూరీ, పై గదిలో ఖైదీలు కూర్చోవచ్చని తేల్చేశాడు. మన పెద్దవాళ్ళు గృహప్రవేశానికొచ్చి భోంచేసి వెళ్తూ అనే మాటల్లాగే ఉన్నాయి.

ఇంకో సంగతి. ఇంటి ముందు చెరువు, వంతెన, గొర్రెలు, అంతా ఎప్పట్నుంచో ఉన్నట్టే ఉంటుంది కదా, అక్కడ ఊరుండేది. పార్కు కోసం ఊరిని, రోడ్డుని కూడా జరిపేశారు, చర్చి ఒక్కటే కదల్లేదు, ఇప్పుడది ఇంటికి అతుక్కుని ఒంటరిగా ఉంది. ఇది చెప్తుంటే మన కర్నూలు పెద్దాయన చర్చి బయట బెంచీ మీద కూర్చుండిపోయారు. వాళ్ళ ఊరు శ్రీశైలం డ్యామ్ ముంపులో పోయింది. "మా సంగమేశ్వరుడన్నా ఎండాకాలం నీళ్ళు తగ్గితే బయటికొస్తాడు నాయనా, ఈ ఊరు ఇంక రాదు" అన్నారు. కాసేపు ఎవరం ఏం మాట్లాడలేదు, పిల్లలు మాత్రం గొర్రెల వెంట పరిగెత్తుతున్నారు.

మన దేశంతో లింకు గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంది. 1899 నుంచి 1905 దాకా వైస్రాయ్‌గా చేసిన లార్డ్ కర్జన్ ఈ ఇంట్లోనే 1859లో పుట్టాడు. బెంగాల్‌ని ముక్కలు చేసినాయనే, 1902లో నిజాం నుంచి బేరార్ ప్రాంతాన్ని శాశ్వతంగా లీజు రాయించుకున్నాయనే. బెంగాల్ విభజన మంటతోనే 1907లో బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్రపాల్ మన రాజమండ్రి దాకా వచ్చి ఉపన్యాసాలిచ్చాడు. కర్జన్ ఆసియా నుంచి పోగేసిన వస్తువులు చాలా ఇక్కడ అద్దాల వెనక పెట్టారు. తమాషా ఏంటంటే కలకత్తా గవర్నమెంట్ హౌస్, తర్వాతి రాజ్ భవన్ (2025లో లోక్ భవన్ అని పేరు మార్చారు), 1803లో పూర్తయ్యింది, ఈ ఇంటి నమూనాలోనే కట్టారు. ఇక్కడ నాలుగు పక్క భవనాలు అనుకుని రెండే కట్టగలిగారు, అక్కడ నాలుగూ కట్టేశారు. అసలు కన్నా నకలు నిండుగా ఉంది, ఖర్చు ఎవరి జేబులోదో వేరే చెప్పాలా.

ఆడవాళ్ళు మాత్రం లేడీ కర్జన్ నెమలి డ్రెస్ దగ్గర అరగంట కదల్లేదు. 1903 ఢిల్లీ దర్బార్‌కి వేసుకున్నది, ఢిల్లీ జర్దోజీ పనివాళ్ళు లోహపు తీగలతో నెమలి ఈకలు కుట్టి, ప్రతి కన్ను మధ్యలో ఆకుపచ్చ పురుగు రెక్క పెట్టారు, తర్వాత పారిస్‌లో కుట్టించారు, బరువు నాలుగున్నర కిలోల దాకా. "ఈ మగ్గం వర్క్‌కి ఇప్పుడైతే ఎంత అడుగుతారో" అని లెక్కలు మొదలయ్యాయి, ఆ డిస్కషన్ కోచ్‌లో ఇంటిదాకా నడిచింది.

1987 నుంచి ఇల్లు పాత కట్టడాల్ని కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది, ట్రస్ట్ మెంబర్‌షిప్ ఉన్నవాళ్ళు టికెట్ కొనక్కర్లేదు, ఈసారి ఆ సంగతి ముందే చెప్పలేకపోయాం, సారీ.

లెక్కలు కోశాధికారి గారు విడిగా పంపుతారు. చందా ఇంకా కట్టనివాళ్ళు సర్వసభ్య సమావేశం లోపు కట్టండి, పేర్లు చదివించకండి నాతో. వచ్చే ట్రిప్‌కి జూ, చాట్స్‌వర్త్ రెండూ ఓటుకి పెడుతున్నాం. కోచ్‌లో మర్చిపోయిన మూడు గిన్నెల స్టీల్ క్యారియర్ మా గరాజ్‌లో ఉంది, తోమి పెట్టాం, ఎవరిదో వచ్చి తీసుకెళ్ళండి.