పావు తక్కువ ఐదుకి వచ్చే మిస్డ్ కాల్: మా సంఘానికి కృతజ్ఞతలు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

పోయిన ఆదివారం ఆరాధనలో మా ఆయన చేతికర్ర లేకుండా ముందుకు నడిచి వెళ్లి కృతజ్ఞత కానుక వేశారు. మీరంతా చూశారు. ఆ తర్వాత మా పాస్టరు అయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి "దేవునికి స్తోత్రం, మీ అందరికీ..." అన్నాను, అంతే. గొంతు పూడుకుపోయి కూర్చుండిపోయాను. ఇంటికొచ్చాక మా అమ్మాయి, "అమ్మా, జాకెట్టు బిగుతైందని ఎవరైనా అంటే గంట సేపు వాదిస్తావు, అక్కడ ఒక్క ముక్క రాలేదేం?" అని నవ్వింది. అందుకే రాస్తున్నాను. ఆ రోజు నోటికి రానివన్నీ ఇక్కడ చెప్పుకుంటాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మమ్మల్ని ఎరగని వాళ్ల కోసం: మాది ఒంగోలు. ఇంటి ముందు గదిలోనే నా టైలరింగ్ షాపు. మా ఆయన చీమకుర్తి వైపు ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిషింగ్ పనికి వెళ్లేవారు. 2023 డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరపు ఆరాధనలో అందరిలాగే నేనూ వాగ్దాన కార్డు (ఆ ఏడాదికి వాగ్దానంగా ఒక బైబిల్ వాక్యం అచ్చేసిన కార్డు) తీసుకున్నాను. యిర్మీయా 29:11 వచ్చింది. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న వాక్యం. ఆ కార్డు రావాలని చాలా మంది కోరుకుంటారు కదా, నేనైతే పొంగిపోయాను. తెచ్చి మిషన్ ఎదురుగా గోడకి అంటించాను.

ఫిబ్రవరిలో మా ఆయన డ్యూటీ నుంచి వస్తుంటే కుక్క అడ్డొచ్చి బండి పడిపోయింది. కుడి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. మూడు నెలల్లో లేస్తారనుకున్నాం. ఎముక అతుక్కోలేదు. చీటీ పాట డబ్బులు, నా గాజులు, పిల్లల ఫీజుకి దాచినవి అన్నీ అయిపోయాయి. ఒక రాత్రి ఆ కార్డు మొహం చూడలేక తీసి, తిప్పి, అక్షరాలు గోడవైపుకి పెట్టి అంటించాను. చింపేసే ధైర్యం లేదు మరి.

పరామర్శకి వచ్చినవాళ్లలో రకరకాల వాళ్లున్నారు. "ఇంట్లో దాగిన పాపం ఏదో ఉంది, వెతుక్కోండి" అన్నారు ఒకరు. ఇంకొకరు (మా సంఘం వాళ్లు కాదు, పేరు అనవసరం) మా ఆయన తల మీద చెయ్యి పెట్టి, 21 రోజుల్లో లేచి నడుస్తాడని ప్రవచనం చెప్పారు. ఆ మాటకి మురిసిపోయి ఉన్న రెండు వేలూ కానుక ఇచ్చేశాను. క్యాలెండర్‌లో రోజుకో గీత పెట్టాను. 22వ రోజు ఆదివారం. ఆ వారం మందిరానికి రాలేదు. తర్వాతి వారమూ రాలేదు.

అప్పుడొచ్చారు మా టీచరమ్మ గారు.

చిన్నప్పుడు నాకు సండే స్కూల్లో కంఠత వాక్యాలు నేర్పింది ఈవిడే. ఇప్పుడు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆటో దిగి, మెట్టు దగ్గర కాసేపు ఆయాసం తీర్చుకుని, లోపలికొచ్చి కూర్చుని గోడవైపు చూశారు.

"ఆ కార్డుకి మొహం లేదేం అమ్మాయ్?"

"హానికరమైనవి కావని ఉంది కదండీ. మరి ఇదేంటి?" అన్నాను. కాస్త దురుసుగానే అన్నాను, క్షమించండి టీచరమ్మ గారూ.

ఆవిడేమీ నొచ్చుకోలేదు. "అదొక ఉత్తరం. హాస్టల్లో ఉన్నప్పుడు మీ నాన్న ఉత్తరం రాస్తే పదకొండో లైను నుంచి చదివేదానివా? బైబిల్ తీయ్" అన్నారు.

యిర్మీయా 28వ అధ్యాయం నుంచి చదివించారు. నాకు అప్పటిదాకా తెలియని సంగతి అది. యెరూషలేము నుంచి జనాన్ని బబులోనుకి చెరపట్టుకుపోయారు. హనన్యా అనే ప్రవక్త లేచి, రెండేళ్లలో అంతా తిరిగొస్తుందని దేవాలయంలో అందరి ముందూ చెప్పాడు. వినడానికి ఎంత బాగుంటుంది! అది దేవుడు పంపిన మాట కాదని యిర్మీయా అన్నాడు. చెరలో ఉన్నవాళ్లకి ఆయనే ఒక ఉత్తరం రాశాడు. అదే 29వ అధ్యాయం. అందులో ఉన్న లెక్క రెండేళ్లు కాదు, డెబ్బై ఏళ్లు. నేను గోడకి అంటించుకున్న వాక్యానికి సరిగ్గా పై వాక్యంలోనే ఉంది ఆ డెబ్బై. కార్డు మీద అచ్చు వేయరు దాన్ని!

"నీకు 21 రోజులు చెప్పినాయనకి హనన్యా చుట్టమేమోలే" అన్నారు టీచరమ్మ గారు. మూడు నెలల తర్వాత ఆ రోజు నేను నవ్వాను. మంచం మీద మా ఆయన కూడా నవ్వారు.

మరి ఆ డెబ్బై ఏళ్లూ ఏం చెయ్యమన్నాడు దేవుడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పిల్లలకి పెళ్లిళ్లు చెయ్యండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చెయ్యండి. చదువుతుంటే మా నాన్న పొద్దున్నే చెప్పే పొలం పనుల్లాగే ఉంది. దేవుని ప్రణాళిక అంటే నేనేదో పెద్ద మలుపు అనుకునేదాన్ని. ఎవరో వచ్చి తలుపు తడతారు, ఒక్కరోజులో కష్టం తీరిపోతుంది, అలా. ఇక్కడ చూస్తే తోట నాటమంటున్నాడు. విత్తనం వేశాక రోజూ నీళ్లు పొయ్యాలి కదా.

"రేపటి నుంచి పావు తక్కువ ఐదుకి మిస్డ్ కాల్ ఇస్తాను. లేచి తిరిగి చెయ్యి. ఒక్క అధ్యాయం చదువుకుందాం. ఒక్కటే" అన్నారు.

అది 2024 మే 1.

నిజం చెప్పాలంటే బైబిల్ ఏడాదిలో పూర్తి చెయ్యాలని నేను అంతకు ముందు ఐదారుసార్లు మొదలుపెట్టాను. మొత్తం 1189 అధ్యాయాలు. రోజుకి మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదిలో అయిపోతుందని లెక్క. జనవరిలో ఉత్సాహం, ఫిబ్రవరిలో లేవీయకాండం, ఆ తర్వాత ఏమవుతుందో మీలో చాలా మందికి తెలుసు. ఒక వారం తప్పితే ఇరవై మూడు అధ్యాయాల బాకీ. బాకీ చూస్తేనే భయం, ఇక పుస్తకం ముట్టుకోను. టీచరమ్మ గారి పద్ధతిలో బాకీలు లేవు. తప్పిన రోజు తప్పిందే. మర్నాడు ఎక్కడ ఆపామో అక్కడి నుంచి ఒక్కటే. "మన్నా రేపటికి దాచుకుంటే పురుగు పట్టింది, గుర్తుందా?" అంటారు. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడు ఏ రోజుకారోజు ఇచ్చిన ఆహారం అది.

కొన్ని రోజులు ఆ కాల్ కట్ చేసి పడుకున్నాను. ఫోన్ దిండు కింద పెట్టి, మోగలేదని అబద్ధం కూడా చెప్పానొకసారి. ఆవిడ ఎప్పుడూ నిలదియ్యలేదు. మర్నాడు అదే టైముకి మళ్లీ మోగేది. నాకు సిగ్గుగా ఉండేది. తిట్టినా బాగుండు అనిపించేది.

జూలైలో రెండో ఆపరేషన్. రాత్రంతా హాస్పిటల్ వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి. పావు తక్కువ ఐదుకి ఫోన్ వెలిగింది. ఆ రోజు వంతు నిర్గమకాండం 26, ప్రత్యక్ష గుడారపు (అరణ్యంలో దేవుని ఆరాధన కోసం వేసిన డేరా) తెరలు. ఆదరణ మాట కోసం చూస్తుంటే ఈ కొలతలేంటని విసుగొచ్చింది. అయినా చదివాను. పది తెరలు, ఒక్కొక్కటి ఇరవై ఎనిమిది మూరల పొడవు, నాలుగు మూరల వెడల్పు, అంచున నీలినూలుతో యాభై కొలుకులు (కాజాల్లాంటి ఉచ్చులు), వాటిని కలపడానికి యాభై బంగారు గుండీలు. చదువుతూ చదువుతూ నాకు తెలియకుండానే లెక్కలోకి దిగిపోయాను. అంచుకి యాభై కొలుకులు, ఎదుటి అంచుకి యాభై, ఒక్కటి పక్కకి జరిగినా తెర ముడతపడుతుంది. హుక్కులు, కాజాలు కుట్టేవాళ్లకి తెలుస్తుంది ఆ బాధ. అరణ్యంలో, ఇల్లూ వాకిలీ లేని జనానికి దేవుడు ఇంత వివరంగా కుట్టుపని చెప్పాడా అనిపించింది. అటునుంచి టీచరమ్మ గారు, "ఇది నీ అధ్యాయమే అమ్మాయ్" అన్నారు. థియేటర్ తలుపు తెరిచి మా ఆయన్ని లోపలికి తీసుకెళ్తుంటే నా చేతులు వణకలేదు. ఎందుకని అడిగితే చెప్పలేను.

ఇక మిగతా వాళ్ల సంగతి. ఎవరినైనా మర్చిపోతే నా మీద కోపం పెట్టుకోకండి.

అయ్యగారికి వందనాలు. మీరు మా ఇంటికి వచ్చిన మొదటి నాలుగుసార్లూ వాక్యం చెప్పలేదు. పెరిగిన గడ్డంతో పడుకున్న మా ఆయనకి నీళ్లు కాచి, మీ చేత్తో షేవింగ్ చేశారు. ఆయన ఆ రోజు గోడవైపు తిరిగి ఏడ్చారని మీకు తెలియదు.

హాస్పిటల్లో వంతులేసుకుని రాత్రిళ్లు కాపలా ఉన్న మన యవ్వనస్థులకి వందనాలు. అందులో ఒకబ్బాయి వంతు వచ్చినప్పుడల్లా పేషెంట్ కన్నా గట్టిగా గురక పెట్టాడని నర్సమ్మ ఫిర్యాదు. అయినా ఒక్క రాత్రి కూడా మానలేదు తను.

స్త్రీల సమాజం అక్కలకి. రోజూ వంటకి ముందు గుప్పెడు బియ్యం తీసి పక్కన పెట్టే మన అలవాటుని నేను పాతకాలపు పని అనుకునేదాన్ని. ఆ బియ్యం ఏడు నెలలు మా ఇంట్లో ఉడికింది. ఇంకొకటి కూడా ఉంది. క్రిస్మస్‌కి ముందు మీరంతా ఒక్కసారిగా జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చారు. పీకోలు, ఫాల్స్, లైనింగ్ జాకెట్లు, ఆది జాకెట్లతో నా బల్ల నిండిపోయింది. కొన్ని గుడ్డలు మీ బీరువాల్లో మూడేళ్లుగా పడున్నవని మడతలు చూస్తేనే నాకు అర్థమైంది. చెప్పలేదు, మీరూ చెప్పలేదు. ఊరికే డబ్బులిస్తే నేను తీసుకోనని మీకు తెలుసు.

మా పక్కింటి వదినకి. ఆవిడ మన సంఘం కాదు, మన మతమూ కాదు. పిల్లలకి క్యారేజీలు కట్టింది, స్కూలుకి దించింది, తెచ్చింది. నవంబరులో, కార్తీక మాసం చలిలో నేను బద్ధకించి ఫోన్ కట్ చెయ్యబోతుంటే కిటికీలోంచి వాళ్ల పెరట్లో లైటు కనపడేది. చన్నీళ్ల స్నానం చేసి దీపం పెట్టుకుంటోంది. నెల రోజులూ ఒక్కరోజు తప్పలేదు. ఆ లైటు చూసి సిగ్గుపడి లేచిన రోజులు నాకు చాలా ఉన్నాయి. చెరలో ఉన్నవాళ్లని ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించమన్నాడు కదా, మా సందు క్షేమం కోసం నేను చేసే ప్రార్థనలో మొదటి పేరు వదినదే.

యిర్మీయా రాసిన ఆ ఉత్తరం సంగతి ఇంకొంచెం చెప్పాలి. అది చదివి బతికినవాడు ఒకాయన ఉన్నాడని తర్వాత తెలిసింది. దానియేలు. డెబ్బై ఏళ్ల లెక్క యిర్మీయా రాతల్లో చూశానని తన గ్రంథం 9వ అధ్యాయంలో ఆయనే చెప్తాడు. ప్రార్థన చేస్తే సింహాల గుహలో వేస్తామని శాసనం వచ్చిన రోజు ఆయన చేసిందేమిటంటే, ఇంటికెళ్లి "యథాప్రకారముగా" మోకాళ్లూనాడు. రోజుకి మూడుసార్లు, కిటికీలు తెరుచుకుని. ఆ మాట చదివి చాలా సేపు ఆగిపోయాను. కొత్తగా ఏమీ చెయ్యలేదు ఆయన, నిన్న చేసిందే ఈ రోజూ చేశాడు. సింహాల దాకా వచ్చాక మోకాళ్లూనడం నేర్చుకుందామంటే కుదిరేది కాదేమో.

మన ఒంగోలులోనే ఉంది కదా ప్రార్థన కొండ. 1854 జనవరి 1 తెల్లవారుజామున అమెరికా మిషనరీ జ్యూయెట్ దొరగారు, దొరసాని, మరో ముగ్గురు తెలుగు విశ్వాసులు ఎక్కి ఈ ఊరి కోసం ప్రార్థన చేశారు. ఆ తర్వాత వచ్చిన మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలులో స్థిరపడింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు. తర్వాత 1876-78 కరువులో వేల మంది బాప్తిస్మం అడిగితే, అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన కరువు పోయేదాకా ఆపాడు. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో పని ఇప్పించాడు గానీ బాప్తిస్మం ఇవ్వలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. చిన్నప్పుడు ఆ 2,222 అంకె మాత్రమే నాకు కంఠతా వచ్చు. ఆ ముందు ఆగిన నెలలు, కొండకీ దొరగారి రాకకీ మధ్య పన్నెండేళ్లు, వాటి గురించి పరీక్షలో ఎప్పుడూ అడగలేదు.

ఇప్పటి పరిస్థితి: మా ఆయన కొద్దిగా కుంటుతారు, అది ఉండిపోతుందని డాక్టరు గారు చెప్పేశారు. ఫ్యాక్టరీ పనికి ఇక వెళ్లలేరు. నా షాపులోనే కూర్చుని పీకో మిషన్ నేర్చుకున్నారు. మొదట్లో నాలుగు చీరల అంచులు పాడుచేశారు (ఎవరివో చెప్పను, డబ్బులు కట్టేశాం). అప్పు ఇంకా ఉంది. కార్డుని మళ్లీ తిప్పి అంటించాను, ఈసారి పైన నా చేతిరాతతో ఆ డెబ్బై ఏళ్ల పదో వాక్యం కూడా రాసి.

చదువు పదహారు నెలలైంది. పదిహేను రోజులు తప్పాను. ఇప్పుడు యోబు గ్రంథంలో ఉన్నాం, ఇంకా సగానికి కూడా రాలేదు.

పోయిన నెల టీచరమ్మ గారికి కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. ఆవిడ చదవకూడదు, ఫోన్ వైపు చూడకూడదు. అందుకని మిస్డ్ కాల్ లేదు. పావు తక్కువ ఐదుకి నేనే ఫోన్ చేస్తున్నాను, వాళ్ల మనవరాలు ఎత్తి చెవి దగ్గర పెడుతోంది. నేను చదువుతాను, ఆవిడ వింటారు.

టీచరమ్మ గారూ, ఇది మీ మనవరాలు చదివి వినిపిస్తుందని తెలుసు. ఈ రోజుతో 37 అయింది, రేపు 38. చుక్కల మందు వేయించుకుని పెందలాడే పడుకోండి. నేను ఫోన్ చేస్తాను.