లూసీ ఓబ్రాక్ గురించి ఫ్రాన్స్ విద్యామంత్రికి ఒక తాత రాసిన ఉత్తరం

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

నేను యానాంలో పుట్టి, పారిస్ దక్షిణ శివారులో స్థిరపడ్డ తెలుగువాణ్ణి. ఫ్రెంచి ప్రతి మీకు విడిగా పంపాను. తెలుగులోనూ రాయడానికి కారణముంది. 1940 సెప్టెంబరులో ఇండియాలోని ఫ్రెంచి స్థావరాలు నాజీ జర్మనీకి లొంగని జనరల్ ద గోల్ పక్షం చేరాయి, మా యానాం కూడా అందులోదే. ఆ రెండో ప్రపంచ యుద్ధం మాకు మరీ పరాయిది కాదు.

మెట్రో నాలుగో లైనుకి చివరి స్టేషను బాన్యో–లూసీ ఓబ్రాక్. 2022 జనవరిలో తెరిచారు. మొన్న మా మనవరాలితో అక్కడ దిగాను. బోర్డు చూసి, "తాతయ్యా, జాన్ మూలాన్‌ని పట్టించింది ఈవిడేనా?" అంది. (జర్మన్ ఆక్రమణ మీద రహస్యంగా పోరాడిన ఫ్రెంచి ప్రతిఘటన దళాలను ఒక్కటి చేసిన నాయకుడు మూలాన్. లూసీ, ఆమె భర్త కూడా ఆ దళాల్లోని వాళ్లే.) ఎవరు చెప్పారే అంటే ఫోన్ తీసి చూపించింది. నిమిషం వీడియో, వెనక భయంకరమైన మ్యూజిక్. మరి బళ్లో ఏం చెప్పారన్నాను. నోటుబుక్కు తీసింది. మూడు లైన్లు: ధీరవనిత, భర్తను విడిపించింది, గర్భవతి. అంతే.

ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోబెట్టి నాకు తెలిసింది చెప్పాను. 1943 జూన్ 21న లియోన్ పక్కన కాల్యూర్‌లో, ఒక డాక్టరు ఇంట్లో రహస్య సమావేశం. నాజీ రహస్య పోలీసులైన గెస్టాపో అధికారి క్లాస్ బార్బీ మనుషులు వచ్చి పడ్డారు. మూలాన్ దొరికాడు, లూసీ భర్త రేమోన్ దొరికాడు. చిత్రహింసల పాలై మూలాన్ ప్రాణాలు పోయాయి. లూసీ అప్పుడు చరిత్ర చెప్పే టీచరమ్మ, కడుపుతో ఉంది. ఆమె చెప్పుకున్న ప్రకారం, మారుపేరుతో తిన్నగా బార్బీ దగ్గరికే వెళ్లింది. పెళ్లికాకుండా కడుపొచ్చిందని, జైల్లో ఉన్న ఆ మనిషి తన మెడలో పుస్తె కట్టాల్సిందేనని (ఈ పుస్తె మాట నాది, పిల్లకి తెలియాలని) మొరపెట్టుకుంది. కట్టుకున్న మొగుణ్ణే పెళ్లి చేసుకోనివ్వమని గెస్టాపోని అడగడం! అక్టోబరు 21న ఖైదీల లారీ మీద ఆమె బృందం దాడి చేసింది. రేమోన్‌తో పాటు ఇంకో డజను మంది బయటపడ్డారు. దీన్ని మాత్రం ఎవరూ కాదనలేదు. 1944 ఫిబ్రవరి 8న విమానంలో లండన్ చేరింది, 12న ఆడపిల్లను కంది.

"మరి వీడియో?" అంది మా పిల్ల.

వీడియోకి మూలం బార్బీయే. 1983లో బొలీవియా నుంచి వాణ్ణి పట్టుకొచ్చాక, వాడి లాయరు వెర్జెస్ విచారణను తిప్పి ప్రతిఘటన వాళ్ల మీదికే మళ్లించాలని చూశాడు. మరుసటేడు లూసీ తన జ్ఞాపకాలు అచ్చువేసింది. తేదీలు వేసి, రోజువారీ డైరీ లాగా. రాసింది మాత్రం నలభై ఏళ్ల తర్వాత! అక్కడే ఇరుక్కుంది. ఓబ్రాక్ దంపతులు తన మనుషులేనంటూ బార్బీ పేరుతో ఒక పత్రం వాడు చచ్చాక చేతులు మారింది. 1997లో ఒక పుస్తకం దాన్ని పట్టుకుని అనుమానాలు పేర్చింది.

చరిత్రకారులు తమను ఎదురుగా కూర్చోబెట్టి అడగాలని కోరింది ఆ దంపతులే. 1997 మేలో లిబెరాసియోన్ పత్రిక ఆఫీసులో కూర్చున్నారు. మూలాన్ కార్యదర్శిగా పనిచేసిన డానియెల్ కోర్డియే కూడా వచ్చాడు. ద్రోహం జరిగిందని అక్కడెవరూ నమ్మలేదు. కానీ అంతకుముందు ఒకసారి పట్టుబడ్డ రేమోన్ 1943 మేలో జైలు నుంచి అసలు ఏ రోజు విడుదలయ్యాడు, కాల్యూర్‌లో పట్టుబడ్డ మిగతావాళ్లను పారిస్ తరలించి అతణ్ణి లియోన్‌లోనే ఎందుకు ఉంచారు, ఓబ్రాక్ అనే మారుపేరు అతనిదేనని బార్బీకి తెలుసా అని గుచ్చి గుచ్చి అడిగారు. ఒక్కోసారి ఒక్కో జవాబు వచ్చింది. ఆష్విట్జ్‌లో చనిపోయిన రేమోన్ తల్లిదండ్రుల అరెస్టునూ ఆ బల్ల మీదికి తెచ్చారు. అది చూసి కొందరు చరిత్రకారులే ఇది విచారణ కాదు, బోను అన్నారు. నాకూ అలాగే అనిపించింది. తేదీ తప్పడం వేరు, మనిషిని పట్టివ్వడం వేరు.

1998లో పారిస్ కోర్టు ఆ పుస్తకం రాసినాయన్నీ ప్రచురణకర్తనూ పరువునష్టం కింద శిక్షించింది. 2004లో యూరోపియన్ మానవ హక్కుల కోర్టు ఆ తీర్పులో తప్పేమీ లేదంది. మూలాన్‌ని ఎవరు పట్టించారన్నది మాత్రం తేలలేదు. ఆ సమావేశానికి వచ్చి అనుమానం మోసిన ప్రతిఘటన మనిషి రెనే హార్డీని 1947లో, 1950లో రెండుసార్లు బోనెక్కించారు, రెండుసార్లూ వదిలేశారు.

మంత్రిగారూ, ఇందులో ఒక్క ముక్కా నోటుబుక్కులో లేదు. ఆ మూడు లైన్ల పక్కన వదిలిన ఖాళీలోకే వీడియో దూరింది. 2007లో పోయేదాకా ఆవిడ ముసలితనంలో కూడా బళ్లు తిరిగి పిల్లలతో మాట్లాడింది. 1938లో చరిత్రలో అగ్రెగాసియోన్, అంటే టీచర్ల పెద్ద పోటీపరీక్ష, గెలిచిన మనిషి, తన మీది ప్రశ్నలను పిల్లల దగ్గర దాచమని అడుగుతుందా?

నేను అడిగేది చిన్నది. ఆవిడ జ్ఞాపకాల్లోంచి నాలుగు పేజీలు, లిబెరాసియోన్ అచ్చేసిన ఆ సంభాషణలో కొంత, 1998 తీర్పు. ఈ మూడూ ఒక కవర్లో పెట్టి బళ్లకు పంపండి. పద్నాలుగేళ్ల పిల్లలు చదవగలరు. మా పిల్ల బెంచీ మీదే రెండు తేదీలు సరిపోలడం లేదని పట్టేసింది, ఇక ట్రైను మిస్సయినా లేవలేదు.

వీలైతే కాస్త తొందరగా పంపండి. జూన్‌లో తనకి మన పదో తరగతి పరీక్ష లాంటి బ్రెవే పరీక్ష, చరిత్ర పేపరు కూడా ఉంది.

ఇట్లు,
బాన్యో స్టేషనులో రోజూ దిగే ఒక తాత