జీఆర్ఈ స్కోరు వచ్చాక అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి నాన్న ఆశీర్వదించి రాయునది.

పైచదువుల ప్రవేశం కోసం రాసిన జీఆర్ఈ స్కోరు వచ్చినప్పటి నుంచి నువ్వు ఫోనులో ముక్తసరిగా మాట్లాడుతున్నావు. అందులో లెక్కల విభాగమైన క్వాంట్‌లో 165 దాటుతుందనుకున్నది 156 దగ్గర ఆగిపోతే బాధ కలగకుండా ఎలా ఉంటుంది? "పోనీలే, ఇదేమంత పెద్ద విషయం" అనడానికి నాకు నోరు రాదు. నెలల తరబడి నువ్వు పడ్డ శ్రమను తేలిక చేసినట్టవుతుంది. అయితే "నాకు అసలు లెక్కలే రావేమో నాన్నా" అన్నావు చూడు, ఆ మాటను మాత్రం ఒప్పుకోను.

నువ్వు పంపిన నమూనా పరీక్షల కాగితాలను తీరిగ్గా చూశాను. అసలు పరీక్షలో వచ్చిన ప్రశ్నలు మనకు మళ్లీ కనిపించవు కనుక తప్పులు వెతకడానికి ఇవే ఆధారం. వాటిలో ఒకచోట ఎక్స్ ధనసంఖ్య అని మాత్రమే చెప్పి, ఎక్స్ పెద్దదా, దాని వర్గం పెద్దదా అని అడిగారు. నువ్వు వర్గమే పెద్దదని పెట్టావు. బహుశా 2, 3 వేసి చూసి ఉంటావు. ఎక్స్ అర అయితే వర్గం పావు అవుతుంది, 1 అయితే రెండూ సమానమే. కాబట్టి ఇచ్చిన సమాచారంతో తేల్చలేమన్నదే సరైన జవాబు. ఇది నీకు రాని లెక్కా, తల్లీ? గడియారం చూసి కంగారుపడి భిన్నాలను మరిచిపోయావు, అంతే. రాని లెక్కకు పుస్తకం తెరవాలి, కంగారుకు అలవాటు మార్చుకోవాలి; నీ కాగితాల్లో ఎక్కువగా కనిపించింది ఈ రెండోదే.

పరీక్ష తీరు కూడా తొందరపాటుకు కాస్త గట్టి మూల్యమే వసూలు చేస్తుంది. 2023 సెప్టెంబరులో కుదించాక క్వాంట్ మొదటి సెక్షన్‌లో 21 నిమిషాలకు 12 ప్రశ్నలు, రెండోదానిలో 26 నిమిషాలకు 15 ప్రశ్నలు ఉంటున్నాయి. మొదటిదానిలో ఎలా చేశామన్నదాన్ని బట్టి రెండో సెక్షన్ కఠినత మారుతుంది. అందువల్ల ఆరంభంలో తెలిసిన ప్రశ్నలు రెండు మూడు చేజారినా దాని ప్రభావం చివరిదాకా ఉండవచ్చు. అలాగని ఒకే ప్రశ్న పట్టుకుని కూర్చోనక్కరలేదు. గుర్తు పెట్టుకుని అదే సెక్షన్‌లో వెనక్కి రావచ్చు, తప్పు జవాబుకు మార్కులు కోయరు.

కొన్నాళ్లపాటు పూర్తి నమూనా పరీక్షల జోలికి వెళ్లకు. రోజూ మొత్తం స్కోరు చూసుకుంటూ ఉంటే బెదురు పెరుగుతుందే తప్ప తగ్గదు. 12 ప్రశ్నల సెక్షన్ ఒకటి తీసుకుని ముందు గడియారం లేకుండా చెయ్యి. ఆ తరువాతే 21 నిమిషాలు పెట్టుకో. తప్పిన ప్రతి ప్రశ్న పక్కనా కారణం రాయి: తెలియలేదు, సరిగా చదవలేదు, సమయం చాలలేదు. "సిల్లీ మిస్టేక్" అని మాత్రం రాయకు. మీ తరం వాళ్లకు ఆ మాట మహా ఇష్టం కానీ, అది రాసుకున్నాక అసలు కారణం ఎవరూ వెతకరు.

మళ్లీ రాయడం గురించి ఇప్పుడే తేల్చనక్కరలేదు. 21 రోజుల వ్యవధి ఉండాలన్న నిబంధన కనీస గడువే కానీ, 22వ రోజున వెళ్లి కూర్చోమని కాదు. ఏడాది వ్యవధిలో 5 సార్లు వరకు రాయవచ్చు, ఏ పరీక్ష స్కోరు పంపాలో నువ్వే ఎంచుకోవచ్చు కనుక ఈ 156 అందరి కంటా పడుతుందన్న భయం వద్దు. నువ్వు అనుకుంటున్న కోర్సుల్లో జీఆర్ఈ తప్పనిసరి ఎక్కడ, ఐచ్ఛికం ఎక్కడ, అసలు చూడనిది ఎక్కడ అన్నది ఆయా విభాగాల పేజీల్లో చూసి రాసుకో. తరువాత దరఖాస్తుల గడువుల నుంచి వెనక్కి లెక్కపెట్టు. అధికారిక స్కోరుకు 8 నుంచి 10 రోజులు పడుతుంది కాబట్టి ఆ వ్యవధిని వదిలి తేదీ ఎంచుకో. ఫీజు సంగతి నేను చూసుకుంటాను.

మీ నాన్న