అమ్మ వాయించిన పాటలు పంపిన అందరికీ

అందరికీ నమస్కారం.

అమ్మ పోయి రెండు నెలలు దాటింది. ఈ నాలుగు మాటలు ఎప్పుడో రాయాల్సింది. మీరు పంపినవన్నీ విన్నాక రాద్దామని ఆగాను. కొన్ని రోజులు రెండు నిమిషాలకు మించి వినలేకపోయాను, అందుకే ఇంత ఆలస్యం. ఒక్కొక్కరికీ విడిగా జవాబు ఇవ్వలేకపోయినందుకు ఏమీ అనుకోకండి.

విషయం తెలియనివాళ్లకు కొంచెం చెప్పాలి. అమ్మ ముప్పై ఏళ్లకు పైగా బడిలో లెక్కలు చెప్పింది. దాదాపు అన్నేళ్లూ ఆదివారం ఆరాధనలో ఆర్గన్ వాయించింది. ఎన్ని పెళ్లిళ్లకు, ఎన్ని భూస్థాపనలకు వాయించిందో ఎవరికీ తెలియదు. లెక్కల టీచరై ఉండి ఆ ఒక్క లెక్కా రాసుకోలేదు.

అంత్యక్రియల ముందు రోజు రాత్రి చెల్లి అడిగింది, "అన్నయ్యా, అమ్మ వాయించింది ఏదైనా ఉంటే రేపు అక్కడ వినిపిద్దామా?" అని. ఫోన్ తీశాను. అమ్మ ఫోటోలు వందల్లో ఉన్నాయి. అమ్మ వాయించింది ఒక్క నిమిషం కూడా లేదు. ఎప్పుడో తీసినవి రెండో మూడో పాత ఫోన్‌తో పాటే పోయాయి. నా పెళ్లి వీడియో ఉంది కదా అనుకున్నాం. తీరా పెట్టి చూస్తే, వీడియో తీసినవాళ్లు చర్చిలో వినపడిన అసలు శబ్దమంతా తీసేసి, దాని మీద ఏదో సినిమా పాట అతికించారు. కొడుకు పెళ్లికి అమ్మ వాయించిన అరగంటా ఆ పాట కింద పడి పోయింది. అప్పట్లో ఆ వీడియో చూసి మేమందరం బాగుందనే అన్నాం. అది తలుచుకుంటేనే ఇప్పటికీ మింగుడుపడదు.

ప్రతివారం వినేదాన్ని ఎవరైనా రికార్డు చేసుకుంటారా? వచ్చే ఆదివారం ఎలాగూ ఉంటుంది కదా అనుకుంటాం.

మర్నాడు క్వయర్‌వాళ్లు వాయిద్యం లేకుండానే నాలుగు గొంతుల్లో పాడారు. ఆర్గన్ మూత వేసే ఉంది. వాళ్లకు నా మొదటి వందనాలు. రెండో పాటలో ఆల్టో, అంటే ఆడవాళ్ల కింది వరస, పాడే అక్క గొంతు పూడుకుపోయి ఆగిపోతే, పక్కనున్న అమ్మాయి తన వరస వదిలేసి ఆమె వరస అందుకుంది. అమ్మ వినుంటే దాన్ని తప్పకుండా మెచ్చుకునేది, తర్వాత "మరి నీ వరస ఎవరు పాడతారే?" అని కూడా అడిగేది.

ఆ వారంలోనే మీ అందరినీ అడిగాను, అమ్మ వాయించింది ఎవరి దగ్గరైనా ఉంటే పంపమని. ఐదారు వస్తాయేమో అనుకున్నాను. ఇప్పటికి నలభై ఏడు వచ్చాయి.

అందులో సగానికి పైగా పెళ్లి వీడియోలు. వాటిలో ఎక్కడా అమ్మ కనబడదు. పెళ్లికూతురు నడిచొస్తుంటుంది, కెమెరా ఆమె వెనకే పోతుంటుంది, వెనకాల నుంచి అమ్మ వినబడుతుంటుంది. ఎవరెవరి జీవితాల్లోనో మా అమ్మ ఇలా వెనక శబ్దంగా ఉండిపోయిందన్నమాట. ఒకరైతే తమ పెళ్లిలో దారి పొడుగునా చీర కుచ్చిళ్లు కాలికి అడ్డం పడుతూనే ఉన్నాయట. అమ్మ ఆమె అడుగు చూసుకుంటూ చివరి నాలుగు బార్లు, అంటే పాట ఆఖరి చిన్న ముక్క, మళ్లీ మళ్లీ తిప్పి వాయించిందట. ఇరవై రెండేళ్ల తర్వాత వీడియో మళ్లీ పెట్టుకుని లెక్కపెడితే ఐదుసార్లు వచ్చిందని రాశారు. "ఆ రోజు నేను ఆలస్యం చేశానని ఎవరికీ తెలియలేదు, నాకు కూడా" అన్నారు.

జనానికి వీపు పెట్టి కూర్చున్న మనిషికి అడుగు ఎలా కనబడింది అంటే, అద్దం ఉంటుంది. చాలా చర్చిల్లో ఆర్గన్ వాయించేవాళ్లకు పాస్టర్ గారు, నడవా కనబడేలా చిన్న అద్దం పెడతారు. మా దగ్గరది అరచేతి కన్నా కొంచెం పెద్దది, ఒక మూల పెచ్చు ఊడింది. చిన్నప్పుడు అమ్మ తల దువ్వుకోవడానికి అది పెట్టుకుందని అనుకునేవాణ్ణి.

ఒక వీడియోలో కెమెరా అనుకోకుండా ఆ మూలకు తిరిగింది. మూడు సెకన్లు, అంతే. అమ్మ ఎడమ మోచెయ్యి, పుస్తకం అంచు, పైన అద్దం. అద్దంలో అమ్మ కళ్లు. కళ్లజోడు ముక్కు మీదికి జారి ఉంది. చూపు పుస్తకం మీద లేదు, చేతుల మీదా లేదు, నడవా వైపే ఉంది. ఆ మూడు సెకన్లను నేను ఎన్నిసార్లు చూశానో చెప్తే బాగుండదు. నలభై ఏడింటిలో వాయిస్తుండగా అమ్మ మొహం కనబడిన చోటు అదొక్కటే. అది పంపిన దంపతులు "ఇందులో ఆమె కనబడరు, అయినా పంపుతున్నాం" అని రాశారు. కనబడింది అక్కా. రెండో భాగంలో, పద్దెనిమిదో నిమిషం దగ్గర చూడండి.

అమ్మ దగ్గర లెక్కలు చదువుకున్నవాళ్లు రికార్డింగులు లేకపోయినా కబుర్లు పంపారు. వాటికీ అంతే విలువ. ఒకాయనకు విలోమానుపాతం స్ట్రా గొట్టాలతో అర్థమైందట. స్ట్రా ఒక కొన నొక్కి చదును చేసి, రెండు పక్కలా కత్తిరించి ఊదితే పీకలా మోగుతుంది. ఊదుతుండగానే అవతలి కొన కత్తెరతో కొంచెం కొంచెం కత్తిరించుకుంటూ పోతే స్వరం పైకి పోతుంది. క్లాసంతా ఆ గోల చేస్తుంటే అమ్మ బోర్డు మీద 16, 8, 4 అని రాసిందట. అవి ఆర్గన్‌లో శబ్దాన్ని ఎంచుకునే మీటల, అంటే స్టాప్‌ల మీద ఉండే అంకెలు. గొట్టాల ఆర్గన్‌లో ఎనిమిదడుగుల గొట్టం ఒక స్వరం పలికితే, అందులో సగం, అంటే నాలుగడుగుల గొట్టం అదే స్వరాన్ని ఒక స్థాయి పైన పలుకుతుంది. పదహారడుగులది ఒక స్థాయి కింద. పొడవు సగమైతే కంపనాలు రెట్టింపు. మా చర్చిలో ఉన్నది ఎలక్ట్రానిక్ ఆర్గన్, అందులో ఒక్క గొట్టమూ లేదు. అయినా మీటల మీద అడుగుల లెక్క అలాగే ఉంటుంది. ఇంట్లో మాకు ఆ లెక్క ఎప్పుడూ చెప్పలేదు. బహుశా మేం అడగలేదు.

ఇంకొకాయన తొమ్మిది రోజులు బడి ఎగ్గొట్టి వస్తే అమ్మ తిట్టకుండా జర్మన్ సంగీతకారుడు బాఖ్ కథ చెప్పిందట. 1705లో, ఇరవై ఏళ్ల వయసులో, ఆర్న్‌స్టాట్‌లో ఆర్గన్ వాయించే బాఖ్, అప్పట్లో పేరున్న ఆర్గన్ వాయిద్యకారుడు బుక్స్‌టెహూడె వాయించేది వినాలని ల్యూబెక్ దాకా 400 కిలోమీటర్ల దూరం వెళ్లాడు, నడిచే వెళ్లాడంటారు. నాలుగు వారాలు సెలవడిగి దాదాపు నాలుగు నెలలకు తిరిగొచ్చాడు. చర్చి పెద్దలు పిలిచి నిలదీశారు. "వాడు ఎందుకు ఆగిపోయాడో చెప్పగలిగాడు. నువ్వు చెప్పగలవా?" అని అడిగి, తొమ్మిది రోజుల లెక్కలూ ఆ సాయంత్రమే చేయించిందట. కథ బాగుంది కదా అని మురిసిపోయేలోపు పని పెట్టడం అమ్మ పద్ధతి. మా ఇంట్లో అందరం ఆ దెబ్బ తిన్నవాళ్లమే.

క్రిస్మస్ వచ్చిందంటే మాత్రం అమ్మకు ఒక విషయంలో పట్టుదల. "సైలెంట్ నైట్" పాట గురించి, ఎలుకలు ఆర్గన్ తిత్తులు కొరికేయడం వల్ల గిటార్‌తో పాడారని ఎవరో ఒకరు ప్రతి ఏడూ చెప్పేవాళ్లు. అమ్మ ఊరుకునేది కాదు. 1818 క్రిస్మస్ ముందురోజు రాత్రి ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్‌లో గిటార్‌తో పాడారన్నది నిజం, ఎలుకల సంగతి తర్వాత పుట్టిన కథ అనేది. ఆపైన అసలు చెప్పాలనుకున్నది చెప్పేది: దానికి బాణీ కట్టిన గ్రూబర్ బడిపంతులు, చర్చిలో ఆర్గన్ వాయించేవాడు కూడా. "మా జాతివాడు" అని నవ్వేది. పొగడ్తలు ఇష్టపడని మనిషి గొప్పగా చెప్పుకున్నది నాకు తెలిసి ఇదొక్కటే.

ఇక క్యాసెట్టు సంగతి. అమ్మ పూర్వ విద్యార్థిని ఒకామె దగ్గర క్వయర్ ప్రాక్టీసు రికార్డు చేసిన పాత క్యాసెట్టు దొరికింది. టేపును హెడ్డుకు అదిమి పట్టే చిన్న మెత్త జిగురు ఊడి పడిపోయింది, పెడితే శబ్దం గుసగుసలా వస్తోంది. నాకు ఎప్పుడూ కలవని ఒకాయన తన దగ్గరికి పంపమన్నారు. టేపు చుట్టలు విప్పి మంచి క్యాసెట్టు డొప్పలోకి మార్చి, కంప్యూటర్‌లోకి ఎక్కించారు. వింటే అందరి గొంతులూ సన్నగా, హడావిడిగా ఉన్నాయి. అప్పుడాయన నన్ను ఒక్కటే అడిగారు, "వెనక వాయిస్తున్న ఆర్గన్ ఎలక్ట్రానిక్‌దేనా?" అని. అవునన్నాను. "అయితే తేలికే" అన్నారు. రికార్డు చేసిన రోజు బ్యాటరీలు నీరసించి టేపు నెమ్మదిగా తిరిగి ఉంటుంది. అలాంటిదాన్ని మామూలు వేగంతో పెడితే అంతా వేగంగా, పై శ్రుతిలో వినబడుతుంది. ఎలక్ట్రానిక్ ఆర్గన్‌లో ‘ఎ’ (A) అనే స్వరం సెకనుకు 440 కంపనాలు, అంటే 440 హెర్ట్జ్‌ దగ్గర స్థిరంగా ఉంటుంది కాబట్టి, టేపులో అదే స్వరం ఎంత పైకి ఉందో కొలిచి, వేగం అంత తగ్గించారు. అమ్మ గొంతు అమ్మ గొంతయింది. అన్నా, డబ్బులు తీసుకోనన్నారు, పేరు రాయొద్దన్నారు. మీరు చేసిన లెక్క మా అమ్మకు చూపించి ఉంటే పక్కన టిక్కు పెట్టేది.

అందులో పాట కన్నా మాటలే ఎక్కువ. పై వరస పాడే సొప్రానోవాళ్లకు ఏదో చెప్తుంది, విసుక్కుంటుంది, మళ్లీ వాయిస్తుంది. ఒకచోట ఎవరికో ఆర్గన్ నేర్పుతోంది. "పియానో అనుకోకు తల్లీ. ఇక్కడ వేలు తీస్తే స్వరం పోతుంది, ఉంచితే పోదు. ఇంకో వేలు వచ్చి నిలబడ్డాకే ఈ వేలిని పంపించు." నొక్కిన మెట్టు మీదే శబ్దం తెగకుండా ఒక వేలి చోట ఇంకో వేలిని పెట్టడం గురించి ఆ మాట. అమ్మ వేళ్లు అలా మెట్ల మీద పాకుతుంటే చూడ్డం చిన్నప్పుడు నాకు ఆట. ఆ తర్వాత పెద్దయ్యాక ఆదివారాలంటే కోపం ఉండేది, అదీ చెప్పాలి. మిగతా ఆరు రోజులు బడి పిల్లలకు, ఏడో రోజు చర్చికి, మాకేది అని. ఒకసారి అడిగేశాను కూడా. "రా, పేజీలు తిప్పు" అంది. వెళ్లలేదు.

ఆస్పత్రిలో ఉన్న మూడు వారాలూ రాత్రిళ్లు వంతులు వేసుకుని కూర్చున్నవాళ్లకు, రక్తం ఇచ్చినవాళ్లకు, చెల్లిని బలవంతాన ఇంటికి పంపి నిద్రపుచ్చిన పక్కింటి పిన్నికి, అమ్మ వేళ్లు దుప్పటి మీద కదులుతుంటే అది వణుకు కాదు వాయిస్తున్నారు అని కనిపెట్టి, సెలైన్ సూదిని కుడిచేతి నుంచి మోచేతి దగ్గరికి మార్చిన నర్సు గారికి ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఇంతకన్నా రాస్తే ఏడుపే.

చివరగా పుస్తకం గురించి. ఆర్గన్ బల్ల మూత కింద అమ్మ రాసుకున్న నోట్సు దొరికింది. అందులో సంగీతం గురించి ఉంటుందనుకున్నాను. అంతా జనం గురించే. ఒక కీర్తన పక్కన "ఒక స్వరం తగ్గించాలి, పెద్దవాళ్లకు పైది అందడం లేదు." ఇంకో దాని దగ్గర "భూస్థాపనకైతే నెమ్మది, కానీ ఈడ్చకూడదు, వాళ్లు నిలబడి ఉంటారు." ఒకచోట "ఈ పాట వాళ్ల అబ్బాయికి ఇష్టం. ఆమె వస్తే ముందే అడిగి వాయించాలి." అలసిపోయి ఇంటికొచ్చే మనిషి అక్కడ ఇంతమందిని చూస్తూ కూర్చుందని నాకు తెలియదు. అద్దం దేనికో ఇప్పుడు తెలిసింది.

చేతిరాత చెరిగిపోతోందని ముగ్గురు పిల్లలు ఆ పుస్తకం మొత్తం టైపు చేసిపెట్టారు, వాళ్లకు ప్రత్యేకంగా థ్యాంక్స్. రికార్డింగులన్నీ ఒకచోట చేర్చాం. కావాల్సినవాళ్లు నన్నో చెల్లినో అడగండి. మీ పెళ్లి వీడియోల్లో ఆర్గన్ శబ్దం తప్ప వేరే ఏదీ ఎవరికీ పంపం, భయపడకండి.

అసలు పుస్తకం మాత్రం మేం ఉంచుకోలేదు. ఇప్పుడు ఆదివారాలు వాయిస్తున్న అమ్మాయికి ఇచ్చాం, క్యాసెట్టులో "పియానో అనుకోకు తల్లీ" అనిపించుకున్నావిడ కూతురే. పోయిన వారం ఆరాధన అయ్యాక ఒక పేజీ తీసి చూపించింది. అమ్మ రాసింది: "మూడో చరణం ముందు ఒక ఊపిరి ఎక్కువ ఆగాలి. ఎడమ వైపు రెండో వరసలో తాతగారికి దగ్గు." దాని కింద ఆ అమ్మాయి పెన్సిల్‌తో రాసుకుంది: "తాతగారు పోయి చాలా ఏళ్లయిందట. ఆగకుండా వాయించి చూశాను. జనమే ఆగారు."