పరిశోధన ఫైలు దేశం దాటే ముందు

సంపాదకులకు నమస్కారం.

ఓర్వకల్లు సమీపంలో డీఆర్‌డీవో పరీక్షా క్షేత్రం ఉన్నందువల్ల డ్రోన్లు, క్షిపణుల వార్తలు కర్నూలువాసులకు కొత్త కాదు. అయితే అదే కోవకు చెందిన విద్య మన ఇంజనీరింగ్‌ ప్రయోగశాలల్లోనూ సాగుతున్నదని, దానికీ చట్టం హద్దులు గీసిందని మన అధ్యాపకుల్లో చాలామందికి తెలియకపోవడం నన్ను కలవరపెడుతున్నది.

1992 నాటి విదేశీ వాణిజ్య చట్టం కింద పౌర, సైనిక అవసరాలు రెండింటికీ పనికివచ్చే వాటి ఎగుమతిని నియంత్రించేందుకు కేంద్రం ప్రకటించిన ‘స్కోమెట్‌’ జాబితాలో ప్రత్యేక రసాయనాలు, సూక్ష్మజీవులు, పదార్థాలు, పరికరాలే కాక వాటికి సంబంధించిన సాంకేతిక పరిజ్ఞానం, సాఫ్ట్‌వేర్‌ కూడా ఉన్నాయి. ఓడలో పెట్టె పంపితేనే ఎగుమతి అనుకోవడం పొరపాటు. నియంత్రణలో ఉన్న డిజైనును విదేశానికి ఈమెయిల్లో పంపినా అది ఎగుమతే, దానికి ముందుగా అనుమతి తీసుకోవలసిందే. అనుమతులు చాలావరకు విదేశీ వాణిజ్య డైరెక్టరేట్‌ జనరల్‌ ఇస్తుంది. అణు సంబంధమైనవి అణుశక్తి శాఖ చూస్తుంది.

పొలంలో మందు చల్లే డ్రోన్‌పై పనిచేసే పరిశోధక విద్యార్థినే తీసుకుందాం. అతని ల్యాప్‌టాప్‌లో దారి తప్పకుండా నడిపే ఆటోపైలట్‌ కోడ్‌, గైరోస్కోప్‌ కొలతలు, థర్మల్‌ కెమెరా అమరిక ఒకే ఫోల్డరులో ఉంటాయి. విదేశీ ప్రయోగశాలవారు ‘కలిసి పేపరు రాద్దాం, ఫోల్డరు పంపండి’ అంటే, అందులో ఏది పంపవచ్చో, ఏది ఆపాలో అతనికి చెప్పేవారెవరు? థీసిస్‌ సమర్పించేటప్పుడు గ్రంథచౌర్యం లేదని ధ్రువపత్రం అడుగుతాం, మంచిదే. కానీ ఈ ప్రశ్న ఏ ఫారంలోనూ నాకు కనిపించలేదు. ఏదైనా జరిగితే చిక్కుల్లో పడేది ఆ కుర్రవాడే, గైడుగా సంతకం చేసినవారూ తప్పించుకోలేరు.

నేను పరిశోధనకు తలుపులు మూయమనడం లేదు. మౌలిక శాస్త్ర పరిశోధనకు, ఇప్పటికే అందరికీ బహిరంగంగా అందుబాటులో ఉన్న విజ్ఞానానికి ఈ నియంత్రణ వర్తించదు. కాబట్టి మన సిద్ధాంత వ్యాసాల్లో అధిక భాగానికి ఏ ఇబ్బందీ రాదు. విదేశీ విద్యార్థులను అనుమానంగా చూడడమూ తగదు, చూడవలసింది పంపుతున్న వస్తువును, అందుకుంటున్న సంస్థను, వాడబోయే పనిని.

రాయలసీమ విశ్వవిద్యాలయం, కర్నూలు ట్రిపుల్‌ఐటీ డీఎం వంటి సంస్థలు స్కోమెట్‌ జాబితా తెలిసిన ఒక అధికారిని నియమించి, విదేశీ ఒప్పందంపై సంతకానికి ముందే ఆ పరిశీలన పూర్తయ్యేలా చూడాలని, పరిశోధన నమోదు ఫారంలో ఇందుకొక గడి చేర్చాలని కోరుతున్నాను. వచ్చే విద్యాసంవత్సరం నమోదులకే ఇది అమలు చేయవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజనీరింగ్‌ అధ్యాపకుడు,
కర్నూలు