ఏ కారిడారో చెప్పి రాయండి

సంపాదకుడి గారికి,

ఈమధ్య జిల్లా పేజీ తీస్తే చాలు, ఏదో ఒక కారిడార్ వార్త ఉంటోంది. హైవేకీ అదే మాట, గ్యాస్ పైప్‌లైనుకీ అదే, పరిశ్రమలకీ అదే. మా కోనసీమలో అది చదివిన రైతుకి ఒకటే టెన్షన్, నా చేను ఉంటుందా పోతుందా అని. వార్తలో ఆ ముక్క మాత్రం ఉండదు.

పరుగెత్తడం అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టి, ఇటలీ, ఫ్రాన్సుల మీదుగా 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లీషులోకి వచ్చింది ఈ కారిడార్ అనే మాట. మొదట్లో కోటల్లో మనుషులు కదిలే దారిని అలా అనేవారు. భవనాల్లో గదుల మధ్య నడవ అనే అర్థం తర్వాతది. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక పోలండుకి సముద్రం దాకా ఇచ్చిన నేలని పోలిష్ కారిడార్ అన్నారు. మీరు వాడేది ఈ భూమి పట్టీ అర్థమే, అందుకే ఇంత భయం.

జాతీయ రహదారి అయితే 1956 చట్టం కింద భూమి తీసుకుంటారు, పరిహారం ఇస్తారు, ఆ చేను ఇక మనది కాదు. గ్యాస్ పైప్‌లైనుకి 1962 చట్టం. భూమి రైతు పేరునే ఉంటుంది, వరి వేసుకోవచ్చు, కానీ ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరి తోటలూ రొయ్యల చెరువులూ నమ్ముకుని బతికే చోట ఇది చిన్న మాటా? పైగా 2014 జూన్‌లో నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి ఎంతమంది పోయారో ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్ సంగతి మళ్ళీ వేరు. అది రోడ్డు కాదు, తీరం వెంబడి ఎంచుకున్న కొన్ని చోట్ల పరిశ్రమలు పెట్టే పథకం. మ్యాపులో గీత మన జిల్లా మీదుగా పోయినంత మాత్రాన దాని కింద ఉన్న ప్రతి పొలమూ పోదు. ఈ తేడా చెప్పేవాళ్ళు లేకపోతే బాగుపడేది భూముల బ్రోకర్లే.

కాబట్టి కారిడార్ అని రాసిన ప్రతిసారీ అది ఏ చట్టం కింద వస్తోంది, వెడల్పు ఎన్ని మీటర్లు, ఏయే ఊళ్ళ సర్వే నంబర్లు అన్నవి కూడా రాయండి. రహదారికైనా పైప్‌లైనుకైనా అభ్యంతరం చెప్పుకోవడానికి ఉన్న గడువు 21 రోజులే. రహదారుల భూసేకరణ ప్రకటన ఎలాగూ పేపర్లలోనే ఓ మూల చిన్న అక్షరాల్లో వస్తుంది, దాన్ని వార్త పక్కనే, గడువు తేదీతో సహా, ముసలివాళ్ళకి కూడా కనిపించేంత అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
అమలాపురం